రూతు గొంతున్న డిస్కు

దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చెవి ఇటు ఇస్తే చాలు. మూడేళ్ల కిందటి మాట. అప్పటికి మేం అమెరికాలో, డాలస్ పక్కనున్న ప్లేనోలో కంప్యూటర్ల కొట్టు పెట్టి తొమ్మిదేళ్లు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఆయన విప్పుతుంటే చూసి బిగించడం నేర్చుకున్నాను. ఏ పెట్టెకి ఏ స్క్రూ వేశానో ఇప్పటికీ చెప్పగలను. ఒక్క పెట్టెని మాత్రం మర్చిపోతే బాగుండుననిపిస్తుంది.

ఓ శనివారం మధ్యాహ్నం ప్రభాకర్ తన కంప్యూటర్ మోసుకుని వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా చర్చే, నన్ను అక్కా అంటాడు. అతని భార్య రూతు జబ్బుచేసి పోయి పది నెలలు దాటింది. కంప్యూటర్‌లోనే విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్‌కీ వీడియో ఎడిటింగ్‌కీ కలిపి ఒకటే గ్రాఫిక్స్ కార్డ్ కావాలన్నాడు, అన్నిటికంటే పెద్దది.

"నీకు విమానమంటే భయం కదయ్యా" అని నవ్వాను.

అతను నవ్వలేదు. రూతు చిన్న విమానం నడపడం నేర్చుకుంది. లైసెన్స్ వచ్చాక ఇతన్ని ఒక్కసారి ఎక్కించుకుంది. "దిగేదాకా కళ్లు మూసుకునే ఉన్నానక్కా. ఆ దారి ఇప్పుడు చూడాలి" అన్నాడు. ఆ రోజు లోపల కెమెరా పెట్టుకుంది. ఆ వీడియో ఈ కంప్యూటర్‌లోని డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. దాన్ని ఎడిట్ చేసి, ఏడాది తిరిగే రోజున జ్ఞాపకార్థ కూడికలో చూపించాలి.

పెద్ద కార్డ్ వద్దన్నాను. సిమ్యులేటర్‌కి కార్డ్‌లో సొంత మెమరీ బాగా ఉండాలి. ఊళ్లూ మబ్బులూ అందులోనే పరుచుకుంటాయి, చాలకపోతే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఎడిటింగ్‌కి మంచి ఎన్‌కోడర్ కావాలి, అంటే పూర్తయిన వీడియోని త్వరగా కుదించి ఫైల్‌గా ఇచ్చే భాగం. అతనికున్నది ఒకటే స్క్రీన్. పదహారు జీబీల మధ్యరకం కార్డ్ రెండు పనులకీ సరిపోతుంది. పెద్దదైతే ఆ పెట్టెలో పట్టదు కూడాను. లోపలికి కరెంటు అందించే పాత పవర్ సప్లై మాత్రం చాలదు, మార్చాలన్నాను. సరేనని కంప్యూటర్ వదిలి వెళ్లాడు.

డిస్కుకి కాపీ తీద్దామనుకున్నాను. ముందు కార్డ్ బిగించేసి, తర్వాత తీరిగ్గా తీయొచ్చులే అనుకున్నాను.

మన ఇళ్లలో ఖాళీ ఊరగాయ సీసా కూడా పారేయం కదా. నేనూ పాత పవర్ సప్లైల తీగలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. కొత్త పవర్ సప్లైతో వచ్చిన తీగ అడుగునున్న డిస్కుదాకా అందలేదు. డబ్బాలోంచి పొడుగుది తీసి పెట్టాను. చక్కగా పట్టింది. పట్టింది కదా, అదే సరైనదనుకున్నాను. కానీ ఒక్కో కంపెనీ ఆ తీగల్లో కరెంటుని ఒక్కో వరసలో పంపుతుంది. స్విచ్ నొక్కగానే టిక్కుమంది. కాలిన వాసన.

తీగ పీకేసి ఒక్కో భాగాన్నీ వాసన చూశాను. ఆ వాసన డిస్కు నుంచే వస్తోంది.

మా ఆయన వచ్చి డిస్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "పాత డిస్కు. దానంతటదే పోయిందంటే ఎవరడుగుతారు?" అన్నాడు.

మర్నాడు చర్చిలో ప్రభాకర్ మా ముందు వరసలో ఉన్నాడు. పాస్టర్‌గారు రూతు కూడిక సంగతి చెప్పారు. అతను వెనక్కి తిరిగి, "కార్డ్ పట్టిందా అక్కా?" అన్నాడు. పట్టిందన్నాను. అది అబద్ధం కాదు. ఆ తర్వాత పాట మొదలైతే పుస్తకం వెనక మొహం దాచుకున్నాను.

సోమవారం కొట్టుకి పిలిచి, తీగ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. కుర్చీలో కూలబడి, "నేనే మొదట కాపీ తీసుకోవాల్సింది. ఆ ఫైల్ తెరవాలంటేనే భయమేసేదక్కా" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

డాలస్‌లో డిస్కులు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. కరెంటు దెబ్బకి అడ్డుపడే చిన్న భాగం ఒకటి ఉంటుందట, కాలింది అదేనేమో, ఫైళ్లు ఉండే లోపలి పళ్లాలు బాగుండొచ్చు, మాటివ్వలేను అన్నాడు. తొమ్మిది రోజులు. ఫోన్ మోగితే మా ఆయన్నే ఎత్తమనేదాన్ని.

పదో రోజు ఫైల్ వచ్చింది. ముందు రెండు కాపీలు తీశాను. ప్రభాకర్ నా పక్కనే నిలబడ్డాడు. ఇంజిన్ హోరులోంచి రూతు గొంతు:

"ప్రభా, కళ్లు మూసుకున్నావు కదూ? నాకు తెలుసులే. ఒక్కసారి తెరిచి చూడు, కింద మన ఇల్లు."

అతను కళ్లు తెరిచే ఉన్నాడు. రెప్ప వేయలేదు.

ఆ సాయంత్రమే డబ్బాలోని తీగలన్నీ కత్తిరించి పారేశాను. ఇప్పుడు ఎవరు కంప్యూటర్ తెచ్చినా, ఏ కార్డ్ కావాలని తర్వాత అడుగుతాను. ఇందులో ఉన్నది ఇంకోచోట ఉందా అని ముందు అడుగుతాను. లేదంటే కాపీ తీసేదాకా స్క్రూడ్రైవర్ ముట్టను.

మీ ఇంటి గొంతులు ఏళ్లతరబడి గలగలమంటూ ఉండాలి. మీరు దాచుకున్నవి రెండేసి చోట్ల పదిలంగా ఉండాలి. మీ గుమ్మంలోకి కాలిన వాసన ఎన్నడూ రాకూడదు తల్లీ.