పది కొబ్బరికాయల్లో గ్యాసు వాటా

మా ఆయన రొయ్యల లారీ నడుపుతారు. రాజమండ్రిలోని మా అద్దె గదిలో నెలకు ఇరవై రోజులు నేనొక్కదాన్నే. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు పక్కింటి టీచరుగారు ఒక పని చూపించారు. కోనసీమలో గ్యాసు బావులున్న ఊళ్ళకు వెళ్ళి, ఆడవాళ్ళను అడిగి కాగితాలు నింపాలి. నేలలోంచి తీసిన గ్యాసు విలువలో కంపెనీ ప్రభుత్వానికి కట్టే వాటాను రాయల్టీ అంటారట. అది వందకు ఎంత ఉందనుకుంటున్నారు, ఎంత ఉంటే న్యాయం, ఇవే ప్రశ్నలు. అసలు అంకెతో పని లేదు, వాళ్ళ మనసులో ఉన్న అంకె కావాలి. నాకిచ్చిన ఊళ్ళో అంతకుముందు వెళ్ళినవాళ్ళకు దొరికినవన్నీ ‘తెలియదు’లే. “ఈసారీ అంతే అయితే ఆ ఊరి ఆడవాళ్ళను వదిలేసి, మగవాళ్ళ జవాబులతోనే సరిపెడతామమ్మా” అన్నారు సర్వే చేయించే మాస్టారు.

ఉదయం ఆరుంపావుకి అమలాపురం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. రావులపాలెం వంతెన మీద గోదావరిని చూస్తూ ఏదో అనబోయి, పక్క సీట్లో నా సంచే ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను. ఎనిమిదిన్నరకు అమలాపురంలో దిగి, ఇడ్లీ తిని, ముప్పై రూపాయలకు ఆ ఊరి షేర్ ఆటో ఎక్కాను.

“ఎవరింటికమ్మా?” అన్నాడు డ్రైవరు.

“ఎవరింటికీ కాదండి. గ్యాసు సర్వేకి.”

“అయితే మా అత్తారింటి ముందు రోడ్డెప్పుడేస్తారో కాస్త కనుక్కోండి. ఆవిడ నన్ను తినేస్తోంది!”

ఆటోలో అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను. కొబ్బరితోటల పైన గ్యాసు మంట పట్టపగలు కూడా వెలుగుతూ కనిపించింది.

గుమ్మాల ముందు నిలబడి, తలెత్తకుండా గబగబా చదివాను. “మా ఆయన్ని అడగండమ్మా”, “మాకేం తెలుస్తాయండీ” అన్నారు. పన్నెండయ్యేసరికి తొమ్మిది కాగితాల్లోనూ ‘తెలియదు’ గడిలోనే టిక్కు. మరొకరెవరైనా అయితే గట్టిగా అడిగేవారేమో అనిపించింది.

పదో ఇంట్లో సత్యవతిగారనే పెద్దావిడ పెరట్లో దింపిన కాయలను ఏరి కుప్పలు పెడుతున్నారు. కాళ్ళు లాగుతుంటే అడక్కుండానే ఆవిడ పక్కన కూలబడి, నేనూ కాయలందిస్తూ ప్రశ్న చదివాను.

“వందా గిందా నాకు తెలీదు గానీ, కాయల్లో అడుగు, చెబుతా” అన్నారావిడ.

పది కాయలు వరసగా పెట్టాను. “ఇదంతా గ్యాసనుకోండి. ఇందులో వాటా ఎంత ఇస్తున్నారనుకుంటున్నారు?”

ఆవిడ ఒక కాయను పక్కకు దొర్లించారు. గోడ అవతలి నుంచి పక్కింటి తులసిగారు, “ఆ ఒక్కటీ కుళ్ళుకాయే అయ్యుంటుంది వదినా!” అన్నారు.

“ఎంత ఉంటే న్యాయమండి?”

సత్యవతిగారు నాలుగు తీశారు. తులసిగారు గోడ చుట్టూ తిరిగొచ్చి, “మా చేను కౌలుకిస్తే ఇంతేనా తీసుకుంటాం?” అంటూ సగం లాగేశారు. ఇంకో నలుగురొచ్చారు. ఒక్కరి లెక్క ఒక్కరితో కలవలేదు. ఎవరూ ‘తెలియదు’ అనలేదు.

చివర్లో సత్యవతిగారు నా వైపు తిరిగి, “మరి నువ్వేమంటావే పిల్లా?” అన్నారు.

“నేను చెప్పకూడదండి.”

“మా అందరి చేతా చెప్పించి నువ్వు నోరు కట్టుకుంటావా?”

రూలు అదే. కానీ అది లేకపోయినా, నా అంతట నేను దేనికీ లెక్క కట్టింది లేదు. ఇంట్లో ఏ కూర వండాలో కూడా అత్తయ్యగారే ఫోనులో చెబుతారు. నువ్వేమంటావని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.

తొమ్మిది ఇళ్ళకూ కాయలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఏడుగురు చెప్పారు. బస్టాండు నుంచి మాస్టారికి ఫోను చేసి, కొబ్బరికాయలతో అడిగానని భయపడుతూ చెప్పాను. ఆయన, “ఆ మాట ప్రతి కాగితం మీదా రాయమ్మా. ఆడవాళ్ళవి ఉంచుతాం” అన్నారు.

రాత్రి ఏడింటికి మా గది తాళం తీశాను. మా ఆయనకు ఫోను కలవలేదు. సంచిలో సత్యవతిగారిచ్చిన రెండు కాయలూ, మిగిలిన ఒక ఖాళీ కాగితమూ ఉన్నాయి. పేరు దగ్గర నా పేరు రాశాను. మొదటి ప్రశ్నకు ‘రెండు కాయలు’, రెండోదానికి చాలాసేపు ఆలోచించి ‘ఐదు’ అని రాశాను. అది మాస్టారికి ఇచ్చేది కాదు. బియ్యం డబ్బా మీద పెట్టాను. మా ఆయన వచ్చాక చదివి, ఇదేంటని అడిగితే చెబుతాను.

ఇలాంటి పని మీద మీరు కోనసీమ వెళ్తే, గుమ్మంలో నిలబడి అడగకండి. వంటలయ్యాక, పదకొండు దాటాక వెళ్ళి, వాళ్ళు చేస్తున్న పని పక్కన కూర్చుని, మీరూ ఒక చెయ్యి వేయండి.