శాంపిల్ అన్న మాట

మొన్న నందిగామలో షుగర్ చూపించుకుందామని ల్యాబుకి వెళ్తే, అక్కడి అమ్మాయి సూది పట్టుకుని "శాంపిల్ ఇవ్వండి మేడమ్" అంది. నాకు నవ్వాగలేదు. ఆ మాట వింటే చాలు, మా వదిన ముఖం గుర్తొస్తుంది. వదిన డాక్టరు. జగ్గయ్యపేట అవతలి లంబాడీ తండాల్లో ఆడవాళ్లకి రక్తం ఎందుకు తక్కువగా ఉంటోందో తేల్చే పరిశోధనలో చేరింది. ఒక్కతే వెళ్లడం విసుగని నన్నూ కారెక్కించేది. ఆవిడ సణుగుడు వినడం, దారిలో పునుగులు కొనిపెట్టడం నా ఉద్యోగం.

మొదటిరోజు తండాలో అందరూ యాడి, అంటే అమ్మ, అని పిలిచే పెద్దావిడ మాకు మంచం వేయించి మజ్జిగ ఇప్పించింది. కడుపుతో ఉన్న మనవరాలు కళ్లు తిరిగి పడిపోతోందని చెప్పుకుని బాధపడింది. ఇంతలో వదిన, "భయపడకండమ్మా, కొంచెం శాంపిల్ తీసుకుంటాం, అంతే" అంది. సున్నపురాయి గుట్టల పక్కన బతికేవాళ్ల దగ్గర అనకూడని మాట అదొక్కటే! యాడి గబుక్కున లేచి మనవరాల్ని లోపలికి పంపేసింది. "శాంపిలేనమ్మా అనే సిమెంటు కంపెనోళ్లు మా గుట్టకి బొక్కలేసారు. ఏం దొరికిందో మళ్లొచ్చి చెప్తామన్నారు. మిషన్లొచ్చినయ్ గానీ ఆ మనుషులు రాలా. ఇప్పుడు మా నెత్తురు శాంపిలా?"

ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే అలవాటు మా వదినకి పుట్టుకతోనే లేదు. ఆ రోజు మాత్రం విన్నది. "నెత్తురు ఇచ్చినా ఇవ్వకపోయినా, ముందు ఆ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్దాం. మిగతాది మీరు ఎట్టా అంటే అట్టా" అంది. యాడి మళ్లీ వచ్చి కూర్చుంది. "ఇష్టం లేనోళ్లని వదిలెయ్యాల. ఏం తేలిందో ముందు మాకు చెప్పాల, మా మాటలో చెప్పాల" అంది. పరిశోధన నడిపే పైవాళ్లు ఇదంతా ఆలస్యమనీ, ఇంకో ఊరు చూసుకోమనీ అన్నారు. వదిన మొండికేసింది. చివరికి తండా అంతా కూర్చుని మాట్లాడుకున్నాక, యాడే అందరికంటే ముందు చెయ్యి చాపింది.

వానాకాలంలో ఫలితాలొచ్చాయి. పైకి పంపకముందే బయల్దేరాం. కారు నల్లరేగడి బురదలో దిగబడింది. మోకాళ్ల నొప్పుల మా వదిన చెప్పులు చేత్తో పట్టుకుని, నన్ను తిట్టుకుంటూ నడిచింది. తండాలోనే పుట్టి నర్సింగ్ చదివిన అమ్మాయి అంతా వాళ్ల మాటలో విడమరిచి చెప్పింది. పక్కనే మనవరాలు పసిబిడ్డని ఒళ్లో పెట్టుకుని వింది. అంతా అయ్యాక యాడి వదిన కాళ్ల బురద చూసి, చెంబుతో నీళ్లు తెప్పించి, "వచ్చినవా అమ్మా" అంది. అంతే, వదిన భోరుమంది. నేనూ ఆగలేకపోయాను.

నేను ల్యాబు నుంచి ఇంటికి చేరేలోపే రిపోర్టు ఫోనులోకి వచ్చేసింది. కాలం ఇంత చురుగ్గా నడుస్తున్నందుకు సంతోషించాల్సిందే. నేను మాత్రం ఫోను పక్కన పెట్టి, ఎవరైనా వచ్చి చెబుతారేమోనని కాసేపు గుమ్మం వైపు చూశాను.