నేను రాసిన నివేదిక, నేను అన్న మాట

2018 చివర్లో జరిగిన సంగతి ఇది. నందిగామ కోర్టులో నేను ప్లీడరుగా చేరి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. పొలం గట్ల తగాదాలు, హైవే మీద యాక్సిడెంట్ల పరిహారం కేసులు నా రోజువారీ పని. దానితోపాటు జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు డొమెస్టిక్ ఎంక్వైరీలకు నన్ను పిలిచేవారు.

డొమెస్టిక్ ఎంక్వైరీ అంటే ఫ్యాక్టరీ లోపల జరిగే విచారణ. ఉద్యోగి తప్పు చేశాడనుకుంటే యాజమాన్యం వెంటనే తీసెయ్యడానికి వీల్లేదు. ఆరోపణలు రాసి ఛార్జిషీట్ ఇవ్వాలి, సాక్షుల్ని పిలవాలి, అతను చెప్పుకునేది వినాలి. ఆ విచారణ నడిపేవాడిని ఎంక్వైరీ ఆఫీసర్ అంటారు. బయటి ప్లీడరును పెడితే నిష్పక్షపాతంగా కనిపిస్తుంది. కనిపిస్తుంది అనే అంటున్నాను. ఎందుకంటే పిలిచేదీ వాళ్లే, మళ్లీ పిలవకుండా ఉండగలిగేదీ వాళ్లే.

ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. పర్సనెల్ మేనేజర్ ప్రసాద్‌బాబు ఫోన్ చేసి, "సుభాని గారూ, చిన్న కేసండి. రెండు సిట్టింగుల్లో తేల్చెయ్యొచ్చు," అన్నాడు.

ఛార్జిషీట్ అందుకున్న మనిషి పేరు హరనాథ్. ముప్పై నాలుగేళ్లుంటాయి. పెనుగంచిప్రోలు వాడు. ల్యాబులో షిఫ్ట్ కెమిస్టు. గంటగంటకూ సిమెంటు శాంపిల్ పరీక్షించి, సరుకు బాగుందో లేదో తేల్చడం అతని పని. ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. ఛార్జిషీట్‌లో మాత్రం "క్యాంటీన్‌లో అసభ్యంగా మాట్లాడి, తోటి కార్మికుల్లో అలజడి సృష్టించి, క్రమశిక్షణకు భంగం కలిగించాడు" అని ఉంది.

అసలు ఏం జరిగిందో మొదటి సిట్టింగులోనే తెలిసింది. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలు నేరం కాదని తీర్పు ఇచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్ టీవీలో అదే చర్చ. అన్నాలు తింటూ జనం వాదులాడుకుంటున్నారు. కొందరు దేశం పాడైపోయిందన్నారు. ఎవరి బతుకు వాళ్లదన్నారు ఇంకొందరు. ఒకతను లేచి, "అదంతా సిటీల్లో గోలరా. మన పేటలో అట్టాంటోళ్లు ఎక్కడున్నారు?" అన్నాడట. చివరి బల్ల దగ్గర పెరుగన్నం కలుపుకుంటున్న హరనాథ్ తలెత్తి, "ఉన్నారండీ. నేనున్నా," అన్నాడు.

అంతే. మళ్లీ తలొంచుకుని తిన్నాడు. వారం తిరక్కుండా అతనితో షిఫ్టు చెయ్యలేమని నలభై మందికి పైగా సంతకాలు పెట్టి మేనేజరుకు కాగితం ఇచ్చారు.

ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో విచారణ మొదలైంది. ఉద్యోగికి సాయంగా తోటి కార్మికుడొకరు పక్కన కూర్చోవచ్చని రూలు ఉంది. ఆ మాట చెప్పి, "మీ తరఫున ఎవరు కూర్చుంటారు?" అని అడిగాను.

"ఎవరూ లేరండి."

"యూనియన్ వాళ్లను అడిగారా?"

"అడిగా. మీటింగ్ పెట్టుకుని చెప్తామన్నారు. ఇంకా పెట్టుకోలేదు."

"మీ తరఫువాళ్లు? ఇంట్లో?"

"మా అన్నయ్య మిరప పొలంలో బిజీగా ఉన్నాడండి," అన్నాడు. "ఈ గొడవ సద్దుమణిగేదాకా ఇంటికి రావద్దన్నాడు."

యాజమాన్యం సాక్షిగా శాంపిళ్లు మోసుకొచ్చే కోటయ్యను పిలిచింది. కోటయ్య యాభై దాటినవాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాడు. తర్వాత హరనాథ్‌ని ప్రశ్నలు అడగమన్నాను. ప్లీడరు లేని మనిషి ఇలాంటి చోట కేకలన్నా వేస్తాడు, ఏడవనన్నా ఏడుస్తాడు. అతను రెండూ చెయ్యలేదు.

"కోటయ్యా, ఎనిమిదేళ్లుగా కలిసి పని చేస్తున్నాం. నీతో గానీ ఇంకెవరితో గానీ నేను తప్పుగా ఉన్నానా?"

"లేదు సార్."

"ఆ రోజు క్యాంటీన్లో బూతు మాటేమన్నా అన్నానా?"

"లేదు సార్. నేనున్నా అన్నారంతే."

"మరి సంతకం ఎందుకు పెట్టావ్?"

కోటయ్య ప్రసాద్‌బాబు వంక చూశాడు. తర్వాత నేల వంక చూశాడు. "మీతో షిఫ్టు చేస్తే నన్ను కూడా అదే అంటారు సార్. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలున్నారు నాకు."

నేను ఆ జవాబు అక్షరం పొల్లుపోకుండా రాయించాను. రాయిస్తూ మనసులో కోటయ్యను చులకన చేశాను. ఇంత పిరికివాడేమిటీ మనిషి అనుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రం జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ బస్సు కోసం కూర్చున్నాను. అదే బెంచీ రెండో చివర హరనాథ్ వచ్చి కూర్చున్నాడు. ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమన్నాడని, సామాను ఎక్కడో పెట్టి తిరుగుతున్నాడని ఆ పొద్దున ఎవరో అనగా విన్నాను. అతను రెండు టీలు తెప్పించి ఒకటి నావైపు జరిపాడు.

"వద్దండి. విచారణ నడుస్తుండగా మీతో టీ తాగకూడదు," అన్నాను.

"అవునండి. మర్చిపోయా." నాకోసం తెప్పించిన టీ కూడా అతనే తాగేశాడు. ముప్పావుగంట అలా బెంచీకి చెరో కొసన మాటల్లేకుండా కూర్చున్నాం. ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడి అతనికి ఎన్నాళ్లయిందో తెలియదు. రూలు ప్రకారం నేను చేసింది సరైనదే. బస్సెక్కాక కిటికీలోంచి చూస్తే ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. అతను ఎక్కాల్సిన బస్సంటూ ఏదీ లేదని అప్పుడు అర్థమైంది.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. నాకు పెళ్లి కాలేదు. ఒక సంబంధం నిశ్చయమై తప్పిపోయింది. తర్వాత అమ్మ మంచాన పడింది, ఆమెను చూసుకుంటూ ఏళ్లు గడిచిపోయాయి. ఆమె పోయేటప్పటికి నాకు నలభై నాలుగు. ఆఫీసు మీది గదిలో ఒక్కడినే ఉంటాను. నా వంట నేనే వండుకుంటాను. పండక్కి చెల్లెలి ఇంట్లో సేమ్యా తిని సాయంత్రానికి వచ్చేస్తాను. ఒంటరి ఇంటి నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు కొత్త కాదు.

రిపోర్టు రాసే రోజుల్లో మా బారు హాల్లో, అంటే కోర్టులో ప్లీడర్లు కూర్చునే చోట కూడా ఇదే వాదన నడిచింది. మా సీనియర్ రామ్మోహన్ గారు, "సుప్రీంకోర్టు నేరం కాదంది. అంతేగానీ ఉద్యోగంలో ఉంచుకుని తీరాలని అన్లేదుగా. ప్రైవేటు కంపెనీ ఇష్టం," అన్నారు.

జూనియర్ సునీత ఊరుకోలేదు. "అదే కదండీ లోటు. ప్రభుత్వ ఉద్యోగమైతే రాజ్యాంగం అడ్డం పడుతుంది. ప్రైవేటులో అడిగే దిక్కు లేదు. కార్మిక చట్టాల్లో మన రాష్ట్రం ఒక సెక్షను చేర్చొచ్చుగా?"

"చేర్చితే రేపు పని దొంగ ప్రతివాడూ అదే వంక చెప్తాడమ్మా."

"కులం పేరుతో తిడితే చట్టం ఉంది. అందరూ వంక చెప్తున్నారా?"

హాలు రెండుగా చీలిపోయింది. నన్నూ అడిగారు. విచారణ నా దగ్గరే ఉంది కాబట్టి మాట్లాడకూడదన్నాను. అది నిజమే. మాట్లాడాల్సిన అవసరం తప్పినందుకు లోలోపల తేలికపడ్డ మాట కూడా నిజమే.

ఫైండింగ్స్, అంటే విచారణలో తేలిన సంగతులు, పదకొండు పేజీలు రాశాను. స్టాండింగ్ ఆర్డర్స్ అని ఫ్యాక్టరీకి ఒక నియమావళి ఉంటుంది. ఏది తప్పో అందులోనే రాసి ఉంటుంది. తానెవరో చెప్పుకోవడం ఆ జాబితాలో లేదు. అలజడి చేసింది సంతకాలు పెట్టినవాళ్లు, మాట అన్నవాడు కాదు. ఆరోపణ రుజువు కాలేదని తేల్చి పంపాను. ప్రసాద్‌బాబు ఫోన్ చేసి, "మీ దగ్గర్నుంచి ఇది అనుకోలేదండి," అని పెట్టేశాడు. ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీ నుంచి నాకు పిలుపు రాలేదు.

యాజమాన్యం అతన్ని డిస్మిస్ చెయ్యలేదు. వేరే రాష్ట్రంలో తమ సరుకు దాచే గోడౌనుకి బదిలీ చేసింది. అక్కడ ల్యాబే లేదు. ఎక్కడికైనా పంపవచ్చని అపాయింట్‌మెంట్ ఆర్డరులో మొదటి రోజే సంతకం పెట్టించుకుని ఉంటారు. బదిలీ శిక్ష కిందికి రాదు. కాబట్టి దాన్ని ప్రశ్నించడం చాలా కష్టం.

ఆ సంగతి మాట్లాడదామనే కాబోలు, ఒక మధ్యాహ్నం హరనాథ్ నందిగామ వచ్చాడు. నేను బారు హాల్లో అందరి మధ్యా కూర్చుని ఉన్నాను. నా రిపోర్టు గురించే మాటలు నడుస్తున్నాయి. రామ్మోహన్ గారు నా భుజం తట్టి, "ఏమయ్యా సుభానీ, ఇన్నేళ్లూ పెళ్లెందుకు చేసుకోలేదో అనుకున్నా. ఇప్పుడర్థమైందిలే," అన్నారు. హాలంతా గొల్లుమంది.

"ఛీ ఛీ, ఏం మాటలండీ అవి. నాకలాంటి రోగాలేం లేవు," అన్నాను. ఎక్కడ వినబడదో అన్నట్టు గట్టిగా అన్నాను.

నవ్వులు ఆగాయి. అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు. నేనూ తిరిగి చూశాను. చేతిలో ఫైలు పట్టుకుని హరనాథ్ నిలబడి ఉన్నాడు.

"నమస్కారమండి. మీరు పనిలో ఉన్నట్టున్నారు. తర్వాత వస్తా," అన్నాడు. ముఖంలో కోపం లేదు. మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. వెనకాలే వెళ్లాల్సింది. నలుగురూ చూస్తున్నారని కుర్చీలోంచి లేవలేదు.

అతను మళ్లీ రాలేదు. ఉద్యోగానికి రాజీనామా చేశాడని తర్వాత కోటయ్యే చెప్పాడు. అతని కొత్త నంబరు ఎవరి దగ్గరా లేదు. నేను కూడా గట్టిగా వెతకలేదు.

అయిదేళ్లు గడిచాయి. 2023లో అదే విషయం మళ్లీ పేపర్లకెక్కింది. స్వలింగ వివాహాన్ని గుర్తించడం చట్టసభల పని, మా పని కాదంది సుప్రీంకోర్టు. ఆ రోజుల్లోనే ఒక స్థలం కేసు పని మీద మైలవరం వెళ్లాను. మార్కెట్ దగ్గర ఒక చిన్న గది ముందు "మట్టి, నీటి పరీక్షలు చేయబడును" అని బోర్డు. లోపల హరనాథ్. జుట్టు కాస్త నెరిసింది.

గుర్తుపట్టి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. ఈసారి తాగాను. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆ రోజు బారులో నేనన్న మాట..." అని ఆగిపోయాను.

"విన్నానండి."

"తప్పు చేశాను."

అతను పరీక్ష గొట్టం ఒకటి కడిగి స్టాండులో పెట్టాడు. తర్వాత అన్నాడు, "మీ రిపోర్టు నా దగ్గరే ఉందండి. ఎన్నిసార్లు చదివానో. నన్ను మామూలు మనిషిలా చూసి రాసిన కాగితం అదొక్కటే. అందుకే ఆ రోజు మీ దగ్గరికొచ్చా. క్యాంటీన్లో వాళ్లు అన్నందుకు నేను ఏడవలేదండి. ఆ రోజు నందిగామ బస్టాండులో మాత్రం ఏడ్చా."

"భయపడ్డాను హరనాథ్ గారూ."

"తెలుసండి. కోటయ్య కూడా అదే అన్నాడుగా. అందరి భయాలూ నేనే అర్థం చేసుకుంటూ వచ్చా."

మట్టి పొట్లంతో ఒక రైతు వచ్చాడు. హరనాథ్ అతన్ని కూర్చోబెట్టి, పోయిన పరీక్షలో జింకు తక్కువుందని, పత్తికి ఏమెయ్యాలో ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రైతు అన్నిటికీ తలూపుతూ వింటున్నాడు. ఇతని గురించి అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. కాసేపు చూసి లేచాను. హరనాథ్ గుమ్మం దాకా వచ్చి నమస్కారం పెట్టాడు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు. మళ్లీ రావచ్చా అని నేనూ అడగలేదు.

ఎవరినైనా వినకుండా శిక్షించకూడదని లా కాలేజీలో మొదటి పాఠంగా చెప్పారు. ఆ పాఠం నా రిపోర్టులో పాటించాను. కానీ మనిషిని వెలివేసేది ఆర్డరు మీద సంతకం పెట్టేవాడు ఒక్కడే కాదు. తన మీద మచ్చ పడకుండా పక్కకు జరిగే ప్రతివాడూ ఆ పనిలో ఒక చెయ్యి వేస్తాడు. కోటయ్య వేశాడు. అతన్ని పిరికివాడనుకున్న నేనూ వేశాను. పైగా కోటయ్య నిజం చెప్పి జరిగాడు. నేను ఎదుటివాణ్ణి రోగిని చేసి జరిగాను.

నిరుడు సునీత ఒక వినతిపత్రం తయారు చేసింది. ప్రైవేటు ఉద్యోగాల్లో ఇలాంటి వివక్ష మీద రాష్ట్రం చట్టం తేవాలని అందులో ఉంది. బారులో మళ్లీ పాత వాదనలే లేచాయి. సంతకం పెట్టింది ఆరుగురమే. ప్రభుత్వం నుంచి ఇంతవరకు జవాబు లేదు. వస్తుందన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు.

నేను సంతకం పెడుతుంటే రామ్మోహన్ గారు కళ్లజోడు పైనుంచి చూసి, "అయితే అప్పుడు నేనన్నది నిజమేనా?" అని నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లు నా జవాబు కోసం ఆగారు. కాదు అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అయితే ఏమవుతుందండీ?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం నా పక్కన ఎవరూ కూర్చోలేదు కూడా. క్యారేజీ విప్పుకుని ఒక్కడినే తిన్నాను.