దుబాయ్ నుంచి రాని ఖర్జూరాలు

ప్రభువునందు నాకు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు, ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుని ఇప్పటికే నాలుగుసార్లు లేచాను, అయినా సంఘ పత్రికకు రాయమని అయ్యగారు అడిగితే కాదనలేదు, ఎందుకంటే దేవుడు చేసిన మేలు దాచుకుంటే నా పాత రోగం మళ్లీ తిరగబెడుతుందని నా భయం. ఆ రోగం పేరు అబద్ధం.

లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజులు చేసి ఇవ్వడం నా పని. వేడి లక్క మీద రాళ్లు అతకాలి, వేళ్లు కాలని రోజుండదు. భర్త లేడు, ఉన్నది ఒక్కడే కొడుకు, రాజు, ఆటో నడిపేవాడు. రెండేళ్ల కిందట బండి ఎక్కడ నిలపాలన్న చిన్న గొడవలో వాడు కోపం పట్టలేక కొట్టిన దెబ్బకు ఒక మనిషి కన్ను పోయింది. శిక్ష పడింది, జైలుకు వెళ్లాడు. నేను తల ఎత్తుకోలేక పాత ఇల్లు వదిలి ఛత్రినాక బస్తీకి వచ్చి, ఎవరికీ తెలియని కొత్త సంఘంలో చేరి, కొడుకు ఏం చేస్తాడని అడిగినవాళ్లకు దుబాయ్‌లో పని చేస్తున్నాడని చెప్పేశాను!

అబద్ధం చెప్పడం తేలిక, దాన్ని మేపడమే కష్టం. వాడిని చూడడానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. వాడి మీద కోపం, నా మీద అసహ్యం, తిన్నది ఒంటికి పట్టదు, వీధిలో పోలీసు బండి కనబడితే తలుపు వేసేసుకునేదాన్ని! క్రిస్మస్ దగ్గర పడేసరికి దుబాయ్ నుంచి కొడుకు ఏం పంపాడని అందరూ అడగడం మొదలుపెట్టారు. ఏం చేయను? పత్తర్‌గట్టి బజారుకు వెళ్లి రెండు డబ్బాల ఖర్జూరాలు కొని, దుకాణం చీటీ పీకేసి, నా కొడుకు పంపాడని సంఘంలో కృతజ్ఞతగా ఇచ్చాను. సంఘమంతా చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతించింది, నేను కూడా కొట్టాను!

మా సంఘానికి జైలు పరిచర్య ఉంది. యాకోబు అన్న ఇంకో ఇద్దరితో కలిసి నెలకోసారి జైలుకు వెళ్లి వాక్యం చెప్పి, సబ్బులు, తువ్వాళ్లు ఇచ్చి, లోపలివాళ్లు రాసిచ్చిన ప్రార్థన చీటీలు తెచ్చి ఆదివారం చదువుతాడు. తప్పు చేసినవాళ్లకు సబ్బులెందుకని అందరికంటే గట్టిగా గొణిగింది నేనే సహోదరులారా! చీటీలు చదివే సమయానికి చెప్పులు సర్దే వంకతో బయటికి వెళ్లిపోయేదాన్ని.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం బయట కుండపోత, గుమ్మం నిండా జనం, వెళ్లే దారి లేక కూర్చుండిపోయాను. యాకోబు అన్న చీటీ తీసి చదివాడు: "మా అమ్మ గాజులకు రాళ్లు అతుకుతది. వేళ్లు కాలుతయి. ఆమె వేళ్లకు నొప్పి లేకుండా ప్రార్థన చెయ్యున్రి. నన్ను చూడనీకి వస్తలేదని ఆమెను ఎవరూ ఏమనొద్దు. రాజు."

రాజు అనే పేరు ఊళ్లో ఎంతమందికి లేదు? ఎవరికీ అనుమానం రాలేదు. పైగా యాకోబు అన్న నా వైపు తిరిగి, "అక్కా, నువ్వు గూడ గాజుల పనే చేస్తవ్ గదా, ఆ తల్లి కష్టం నీకే ఎర్క. నువ్వే ప్రార్థన చెయ్యి" అన్నాడు.

లేచి నిలబడ్డాను. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఎవరో ఆ తల్లి, ఆమె వేళ్లను..." అని మొదలుపెట్టి, నా వేళ్లు నేనే చూసుకుని, ఇక ముందుకు పోలేకపోయాను. గొంతులోంచి నా ఇంటి మాట తన్నుకొచ్చింది: "ప్రభువా, వాడు నా కొడుకు! దుబాయ్‌ల లేడు, జైల్ల ఉన్నడు. నేనే పోలేదు. సిగ్గుకు సచ్చి పోలేదు. నన్ను మన్నించు తండ్రీ!"

అందరూ నన్ను వెళ్లగొడతారనుకున్నాను. అయ్యగారి భార్య వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. దేవునికే మహిమ! ఆ వారంలోనే యాకోబు అన్న నన్ను జైల్లో ములాఖత్‌కు, నా కొడుకును చూపించడానికి తీసుకెళ్లాడు.

మధ్యలో అడ్డంగా ఉన్న ఇనుప జాలీకి అవతల రాజు బక్కచిక్కి ఉన్నాడు. ముందు నా వేళ్లు చూశాడు, తర్వాత ముఖం చూశాడు. నన్ను నవ్వించాలనో ఏమో వాడే ముందు అన్నాడు: "అమ్మా, క్రిస్మస్‌కు సంఘపోళ్లు ఖజూర్ తెచ్చిన్రే. ఎవరో అమ్మ ఇచ్చిందంట, కొడుకు దుబాయ్ నుంచి పంపిండంట. గసుంటి కొడుకుంటే నువ్వు గూడ మస్తు ఖుషీగ ఉందువు అనిపిచ్చింది. ఆ కొడుకు సల్లగుండాలని ప్రార్థన చేసిన."

సహోదరులారా, నేను ఇచ్చిన డబ్బాల్లో ఒకటి యాకోబు అన్న జైలుకు తీసుకెళ్లాడని అప్పటిదాకా నాకు తెలియదు! జాలీ పట్టుకుని, "ఆ కొడుకువు నువ్వే రా బిడ్డా" అన్నాను.

వాడింకా లోపలే ఉన్నాడు. ములాఖత్ రోజు వచ్చిందంటే నాకు ఇప్పటికీ గాబరానే. కన్ను పోయిన ఆ అన్న కోసం మేమిద్దరం, వాడు అక్కడా నేను ఇక్కడా, రోజూ ప్రార్థన చేస్తున్నాం, ఆయన ఇంటి గడప తొక్కే ధైర్యం నాకింకా రాలేదు, దాని కోసం మీరు ప్రార్థించండి. అయినా నన్ను విడిపించిన దేవునికి వేలాది స్తోత్రాలు! మీలో ఎవరి బిడ్డయినా ఇలాంటి దుబాయ్‌లోనే ఉంటే, ఆయనను నమ్మి రండి, ఆదివారం నా పక్కన కూర్చోండి. నేనేమీ అడగను. చీటీలు చదివేటప్పుడు మాత్రం మీ చెయ్యి పట్టుకుంటాను.