ఆయ్ అంటే ఏమిటో తెలుసుకోడానికి రాజోలు వెళ్లాను

మా ఆఫీసు ఏటా ఒక్కో డెవలపరుకీ శిక్షణ కోసమని కొంత డబ్బిస్తుంది. రెండేళ్లు వరసగా వీడియో కోర్సులు కొన్నాను, ఒక్కటీ సగం దాటలేదు. ఈసారి ఆ డబ్బుతో రాజోలు వెళ్తానంటే మేనేజరు నవ్వాడు. నవ్వుతూనే సంతకం పెట్టాడు, ఎందుకంటే వ్యవహారం పీకల మీదకొచ్చింది. రాజోలు వైపు రొయ్యల రైతులు ఫోన్ చేస్తే మాట్లాడి మేత ఆర్డరు రాసుకునే మిషను ఓ మేత కంపెనీకి తయారుచేసింది నేనే. అడగని బస్తాలు వచ్చి పడుతున్నాయని అటునుంచి ఒకటే ఫిర్యాదులు. నెలాఖరుకి ఆగకపోతే ఆ పని మా చేతిలోంచి పోతుంది.

రాజమండ్రిలో ఉదయం ఆరుంబావుకి రైలు దిగి, ఏడింటికి అమలాపురం బస్సెక్కాను. కిటికీ సీటు కావాలంటే అక్కడే ఎక్కండి, కొత్తపేట వచ్చేసరికి నిలబడాల్సిందే. కొత్తపేటలో నా పక్క సీటు ఖాళీ అయితే ఓ టీచరుగారు కూర్చున్నారు. ఆవిడకి ఎవరో ఫోన్లో పాలసీ అమ్ముతున్నారు. పదిసార్లు ఆయ్, ఆయ్ అని, చివరికి వద్దండీ అని పెట్టేశారు. మాది వరంగల్, నాకు అర్థం కాలేదు. ఒప్పుకుని మళ్లీ వద్దన్నారేమిటని అడిగాను.

"ఒప్పుకోలేదండీ, వింటున్నానని ఆయ్ అన్నాను. మధ్యలో పలక్కపోతే అవతలాయన చిన్నబుచ్చుకుంటారు కదండీ."

మా మిషను బస్తాల లెక్క చదువుతూ మధ్యమధ్య ఆగుతుంది. అప్పుడు ఆయ్ వినపడితే చాలు, ఆర్డరు ఖాయం చేసేస్తుంది. అలా రాసిందాన్ని నేనే. సిగ్గేసింది.

అమలాపురంలో పెసరట్టు ఉప్మా తిని, రాజోలు బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో పదకొండున్నరకి సత్తిబాబుగారి రొయ్యల చెరువు చేరాను. ఫిర్యాదు చేసినవాళ్లలో ఆయన మొదటివారు. వానకి తడిసి ముక్కిపోయిన ఇరవై బస్తాలు చూపించారు. తిట్లకి సిద్ధపడే వెళ్లాను. ఆయన బొండం కొట్టించి ఇచ్చారు, నాకు ఇంకా బాధేసింది.

"మీ మిషను అంత మర్యాదగా మాట్టాడుతుంటే పలక్కుండా ఎలాగుంటామండీ?" అన్నారు.

షెడ్డులో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి ఆ భాగం మార్చేశాను. ఎన్ని ఆయ్‌లన్నా మిషను చదువుకుంటూ పోవాలి, చివర్లో "పంపండి" అంటేనే ఆర్డరు. ఆయన ఫోన్ చేసి ఏడుసార్లు ఆయ్ అన్నారు. ఆఖర్న "ఇప్పుడొద్దండి" అన్నారు. ఆర్డరు పడలేదు. ఒక్క బస్తా అమ్ముడుపోనందుకు అంత సంబరపడ్డ మనిషిని నేనేనేమో! సాయంత్రంలోగా మరో నలుగురు రైతుల చేత ఫోన్లు చేయించాను, ఒక్కటీ తప్పలేదు. రాత్రికి దిగిన అమలాపురం లాడ్జి శుభ్రంగానే ఉంది, దుప్పటి మాత్రం అడిగి తీసుకోండి.

మర్నాడు తిరుగు రైల్లో కూర్చున్నాక నాకో సంగతి స్థిరపడింది. కోర్సులు దండగ అనను. కానీ మీరు రాసింది వాడేవాళ్ల ఊరికి ముందు టికెట్ కొనుక్కోండి, మిగిలితే కోర్సు కొనుక్కోండి. మేనేజరుకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన ఊఁ, ఊఁ అంటూనే ఉన్నాడు.

"వింటున్నారా సార్, ఒప్పుకుంటున్నారా?"

అటునుంచి నవ్వు వినపడింది. "ఒప్పుకుంటున్నాను. ఈ పని మన దగ్గరే ఉంటుంది" అన్నాడు.