కరక్కాయ నీళ్లకు తెలియనిది

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎర్ర దుమ్ము లేని మూలంటూ ఉండేది కాదు. మేముండేది విశాఖపట్నం వన్‌టౌన్‌లో. మా నాన్న పోర్టులో ఓడలకు ఇనుప ఖనిజం ఎక్కించే దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఆయన చొక్కా దులిపితే గడప ఎర్రబడేది. అదంతా ఇనుమేనని గొప్పగా చెప్పేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ నీళ్లోసుకుంది. ఏడో నెలలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఒంట్లో ఇనుము బాగా తక్కువగా ఉందని, ఇలాగే ఉంటే కాన్పు కష్టమని చెప్పిందట. నాన్నతో అమ్మ అంటుంటే తలుపు చాటు నుంచి విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైగా, నా అంత తెలివైనవాళ్లు లేరనుకునే వయసాయె! మర్నాడు నాన్న చొక్కా జేబులోని దుమ్ము అగ్గిపెట్టెలోకి దులిపి, చిటికెడు తీసి అమ్మ తినే పప్పులో కలిపేశాను.

తిన్న గంటకే అమ్మకు వాంతయింది. అమ్మను నేనే చంపేశాననుకున్నాను. మిగిలిన పప్పు, అగ్గిపెట్టె పట్టుకుని పక్కింటికి పరిగెత్తాను. అక్కడ బట్టలకు రంగులేసే చాచా ఉండేవాడు. కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డకు తుప్పు మేకుల నీళ్లు తగిలించి నలుపు తెప్పించడం ఆయన పని.

“ఏటైంది బేటీ?” అన్నాడు. ఏడుస్తూనే అంతా చెప్పాను.

చాచా తిట్టలేదు. మూడు గిన్నెల్లో కరక్కాయ నీళ్లు పోశాడు. మొదటిదాంట్లో, ఆయన భార్య చాచీ ఇనుప మూకుడులో వండిన తోటకూర పులుసు చెంచాడు వేశాడు. చూస్తుండగానే నీళ్లు నల్లబడ్డాయి.

“ఇనుము కరిగితే ఇలగ తెలుస్తాది.”

రెండోదాంట్లో మా పప్పు మీది తేట పోశాడు. మూడోదాంట్లో నా దుమ్ము. నేను గిన్నెల మీదికి వంగాను. ఎంతసేపు చూసినా తేట వేసిన నీళ్ల రంగు మారలేదు. దుమ్ము ఎర్రగా అడుక్కి దిగిపోయింది, పైన నీళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

“అయితే అమ్మకేటీ అవదు కదా?”

ఆయన గిన్నెలు పక్కకు జరిపాడు. “నా కరక్కాయకి ఇనుమే తెలుస్తాది. మీయమ్మ కడుపులో సంగతి దానికేటి తెలుసు? డాక్టరమ్మకి తెలుస్తాది. మీయమ్మకి నువ్వే సెప్పాలి, పద.”

ఆ పది అడుగులూ చాచా చెయ్యి పట్టుకునే నడిచాను. చాచా గుమ్మం బయటే ఆగిపోయాడు. నేను చెప్పగానే అమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది. ఎందుకో కొట్టలేదు. రిక్షా పిలవమంది. ఆస్పత్రిదాకా ఆమె కొంగు వదిలితే ఒట్టు.

డాక్టరమ్మ చూసి ఫరవాలేదంది. చీవాట్లు మాత్రం నాకు దండిగా పడ్డాయి. అమ్మ మాత్రలు మింగింది, చాచీ ఇనుప మూకుడు మా వంటింటికి వచ్చింది, తమ్ముడు క్షేమంగా పుట్టాడు.

ఇప్పుడు ఇంట్లో ఎవరు దగ్గినా కషాయం కాచెయ్యాలని నా చేతులు తొందరపడుతుంటాయి. అయినా అడగకుండా ఎవరి కంచంలోనూ ఏదీ వెయ్యను. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నన్ను కొట్టకుండా ఆగిపోయిన ఆ చెయ్యి, ఇవాళ్టికీ నా చేతిని ఆపుతూనే ఉంది.