నానమ్మ వెతికిన చెవి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఆటపట్టించే మనిషిని నేను. పటాన్‌చెరులో మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. పరీక్షకు నిలవనిది నమ్మడం నాకు చేతకాదు. అయినా ఇది జరిగింది, నాకే.

మా నానమ్మవి చాటంత చెవులు. ఇంట్లో అవి నాకొక్కదానికే వచ్చాయి. చివరి రోజుల్లో ఆమెకు చూపు పోయింది. మా ఊరు రుద్రారంలోని ఇంట్లో ఎవరు దగ్గరికెళ్లినా చెవి తడిమి చూసేది. నా చెవి దొరికితే చాలు, "నా చాటచెవులది వచ్చింది" అని మురిసిపోయేది. ఆమె కుడి చూపుడువేలు కొస గడ్డి కత్తిరించే మిషన్‌లో పోయింది. ఆ మొండివేలు చెవి వెనక ఆనితే కళ్లు మూసుకున్నా నాకు తెలిసేది.

బడి నుంచి కంపెనీ బస్సు దాకా ఆ చెవుల మీద పడ్డ జోకులకు విసిగి ఆపరేషన్ చేయించుకున్నాను. చెవులు తలకు దగ్గరగా వచ్చాయి. నానమ్మకు తర్వాత చెబుదాంలే అనుకున్నాను. నా తలకు కట్టిన కట్టు విప్పకముందే ఆమె పోయింది.

కట్టు విప్పాక చెవులకు స్పర్శ లేదు. కొన్ని నెలలు అంతేనని డాక్టర్ ముందే చెప్పారు. గిల్లుకున్నా తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం తింటుంటే చెవి వెనక ఎవరో తడిమారు. ఆ మొండివేలే. కుట్ల గీత దాకా వచ్చి ఆగింది. కాసేపు అటూ ఇటూ వెతికి వెళ్లిపోయింది. తిరిగి చూస్తే వెనక గోడ ఉంది. వెంటనే చెవి గిల్లుకుని చూశాను. ఏమీ తెలియలేదు.

తర్వాత కూడా చాలాసార్లు జరిగింది. ప్రతిసారీ అలాగే వెతికి వెళ్లిపోయేది. నాకు భయంకన్నా బాధే ఎక్కువైంది. అమ్మకు చెబితే కొట్టిపారేస్తుందనుకున్నాను. చెప్పగానే ఆమె బియ్యం ఏరడం ఆపింది.

"అత్తమ్మకు నువ్వు దొరుకుతలేవు బిడ్డా. ఇంకెవలో అనుకొని పోతున్నది" అంది.

అన్నకు కూతురు పుట్టాక అది ఆగిపోయింది. పాపవి అచ్చం నా పాత చెవులు. మొన్న పట్టపగలు పాప ఉయ్యాలలో ఒక్కతే పడుకుని నవ్వుతోంది. కరెంటు లేదు, ఫ్యాన్ తిరగడం లేదు. పాప కుడిచెవి మాత్రం ఎవరో పట్టుకున్నట్టు ముందుకు వంగి ఉంది.

నేను వంగి నా చెవిని దాని పక్కన పెట్టాను. "నానమ్మా, నేనే" అన్నాను.

నా చెవులకు స్పర్శ ఎప్పుడో తిరిగొచ్చింది. ఈగ వాలినా తెలుస్తుంది. ఆ రోజు ఏమీ తెలియలేదు. ఇదంతా ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. పాప మాత్రం నవ్వుతూనే ఉంది.